కట్టినోడే ముందు ఎక్కాలె

నిన్న పొద్దున షార్జాలో మా కొత్త సైటు దగ్గర టీ తాగుతుంటే పైనెక్కడో ఎవరో ఇనప గొట్టాన్ని స్పానరుతో మూడుసార్లు కొట్టారు. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. గొట్టానికి గొట్టం బిగించాక పట్టు సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి అలా కొట్టి వింటారు. ఆ కొట్టే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. ఈ తీరు నాకు బాగా తెలిసినది. గబుక్కున తలెత్తి చూశాను. ఎవరో నేపాల్ మనిషి. నేను చూడాలనుకున్న మనిషి ఈ దేశం వదిలి నాలుగేళ్లు దాటింది, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా టీ చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. ఎవరైనా అడిగితే మిగతావాళ్లు తమను ఇంతవాళ్లను చేసింది ఫలానా మాస్టారనో, మేనమామనో చెబుతారు. నేను మాత్రం ఒక వీడియో గేమ్ పేరు, ఆ గేమ్‌లో ఏడాది పాటు ఒకే ఒక ఆట కట్టిన స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్ సత్తెన్న పేరు చెప్పాలి. అందుకే ఎవరికీ చెప్పను. మా ఆవిడకు ఒకసారి చెబితే జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

అది కరోనా మొదలైన ఏడాది. సైటుకు తప్ప అల్ వర్సాన్‌లోని మా వర్కర్ల క్యాంపు గేటు దాటనివ్వని శుక్రవారాలు. నగరం నడుమనున్న సత్వాలో తెలిసినవాళ్లెవరూ లేనివాడికి కూడా సత్వా వెళ్లాలని ప్రాణం కొట్టుకునేది. గదిలో కిటికీ వైపు మూడు మంచాలు మావి. ఒకటి నాది. తణుకులో డిప్లొమా చదివి, దాని మీద మూడు నెలల సేఫ్టీ కోర్సు చేసి, ఆ కాగితం పట్టుకుని దుబాయ్ వచ్చి, సైటులో సేఫ్టీ ఆఫీసరుగా చేరినవాణ్ణి. రెండోది ఇమ్రాన్ భాయ్‌ది. కడప మనిషి, ఏసీలు బాగుచేసేవాడు, ఎవరేమన్నా ముందు కాదని, తర్వాత ఆలోచించేవాడు. మూడోది సత్తెన్నది. జగిత్యాల వైపు పల్లె. యాభై దాటిన వయసు, వెదురుబద్దలా సన్నటి మనిషి. భవనాల చుట్టూ గొట్టాలతో, పలకలతో పరంజా కట్టడమే ఆయన పని. పరంజా అనే మాట నేను పుస్తకంలో చదివానే గాని సైటులో ఎవరి నోటా వినలేదు. అందరికీ అది స్కాఫోల్డింగే.

ఉద్యోగం పోయి ఊరికి వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు, ఏసీ బాగుచేశాడన్న అభిమానంతో తన గేమ్ మెషీను ఇమ్రాన్ భాయ్ చేతిలో పెట్టి వెళ్లాడు. దాన్లో ఉన్నది ఒకటే గేమ్. ఒక బొమ్మ మనిషి గెంతుతూ, నిచ్చెనలెక్కుతూ చివర ఉన్న జెండా దాకా వెళ్లాలి. మొదటిరోజు ఇమ్రాన్ భాయ్ ఆడుతుంటే ఆ బొమ్మ గట్టు మీంచి గోతిలో పడి చచ్చింది. వెంటనే మళ్లీ పుట్టి, మళ్లీ పడింది. చొక్కాకు గుండీలు కుట్టుకుంటున్న సత్తెన్న సూది ఆపి చూశాడు.

“గంత ఎత్తుల రెయిలింగ్ లేదేంది?” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “ఏం సేఫ్టీ, వాళ్ల కంపెనీల నీ అసొంటోళ్లు ఎవరు లేరా?”

ఆ గేమ్‌లో ఇంకో అర ఉంది. ఇటుకలు, పలకలు, నిచ్చెనలు, నాలుగైదు రకాల జంతువులు ఇస్తారు; వాటితో మన ఆట మనమే కట్టుకోవచ్చు. కట్టాక లోకంలో ఆ గేమ్ ఉన్నవాళ్లందరూ ఆడుకునేలా మన పేరుతో పైకి ఎక్కించవచ్చు. నేను సరదాగా ఆ అర తెరిచి నాలుగు పలకలు పేర్చి చూపించాను. సత్తెన్న చొక్కా పక్కన పెట్టి వచ్చి టీవీ ముందు గొంతుకూర్చున్నాడు. ఆ పలకల వైపు చాలాసేపు చూశాడు.

“పని అయినంక ఇది విప్పేది ఉంటదా?” అని అడిగాడు.

“ఎందుకు విప్పుతారన్నా? మీరు తీసేస్తే తప్ప అలాగే ఉంటుంది.”

“ఇరవై ఎనిమిదేండ్లు ఈ దేశంల కట్టిన. కట్టుడు, విప్పుడు. కట్టుడు, విప్పుడు. నేను కట్టింది ఇయ్యాల ఒక్కటి నిలబడి లేదు.” ఆ మాట ఏ బాధా లేకుండా, మజ్జిగలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పాడు. “ఆ రిమోటు ఇటియ్యి.”

అలా మొదలైంది. ఏదో చిన్న ఆట కట్టుకుంటాడనుకున్నాం. ఆయన ఏకంగా నలభై అంతస్తుల టవరు మొదలుపెట్టాడు. ఆడేవాడు పొద్దున బస్సెక్కాలి, సైటుకు రావాలి, బయటి స్కాఫోల్డింగ్ మీద చిట్టచివరి దాకా ఎక్కి అక్కడున్న జెండా ముట్టుకోవాలి. బస్సు అంటే నడిచే పలక. దాని మీద బొమ్మ మనిషి ఏమీ చేయకుండా నిమిషం పైగా నిలబడాలి. “నిమిషం సేపు ఊరికే నిలబడితే ఆడేవాడు మెషీను కట్టేసి పోతాడన్నా” అన్నాను. “సోనాపూర్ కాడ ట్రాఫిక్ ఉంటది. ఏం జెయ్యాలె?” అన్నాడు సత్తెన్న. పన్నెండో అంతస్తు దగ్గర తలుపులు మూసుకుంటాయి, బొమ్మ నీడలో కూర్చోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదన్న రూలు. ఆటలో ఆ రూలెందుకని ఇమ్రాన్ భాయ్ గోల పెడితే, రూలు ఆటకైనా పనికైనా ఒకటేనన్నాడు. ప్రతి ఐదు అంతస్తులకూ నీళ్ల డ్రమ్ము పెట్టాడు. గేమ్‌లో నీళ్లు తాగే వీలు లేదు. అయినా డ్రమ్ము ఉండాలి.

జంతువుల్లో అన్నిటికంటే పెద్దది ఒక అడవిదున్న. ఎవరైనా దాన్ని చివర్లో, జెండాకు అడ్డంగా పెట్టి యుద్ధం చేయిస్తారు. సత్తెన్న దాన్ని గేటు దగ్గర పెట్టాడు. అది అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూ ఉంటుంది. ఎవరి జోలికీ రాదు.

“ఇదెవరన్నా?” అన్నాడు ఇమ్రాన్ భాయ్.

“ముదీర్.”

“ముదీర్ ఏం జేస్తాడు?”

“ఏం జెయ్యడు. తిరుగుతడు. కాయితం వస్తె ఆగుతడు, మల్ల తిరుగుతడు.”

గది గదంతా నవ్వింది. మేనేజరును గేటు దగ్గర అలా నిలబెట్టినందుకు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నవ్వుతూనే చూశాను, టవరు మొదట్లో, నీడపట్టున, నీళ్ల డ్రమ్ము పక్కన ఒక ముళ్లపంది కూర్చుని ఉంది. నెత్తిన తెల్లటి టోపీ. అది కదలదు. “మరి ఇదెవరన్నా?” అన్నాను. సత్తెన్న పలక జరుపుతూ, తల తిప్పకుండా, “సేఫ్టీ” అన్నాడు. ఈసారి గది ఇంకా గట్టిగా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే సైటులో నా పని ఏడు రోజులకోసారి ప్రతి స్కాఫోల్డింగూ ఎక్కి, చూసి, ఫోర్‌మన్ సంతకం పక్కన నా సంతకం పెట్టడం. ఆ సంతకం ఉంటేనే దాని మీది ట్యాగు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది, జనం ఎక్కుతారు. నాకు ఎత్తంటే భయం. రెండో నిచ్చెన దాటి పైకి వెళ్లలేను. చేరినరోజు నుంచీ నేను సంతకాలన్నీ కిందే, నీళ్ల డ్రమ్ము పక్కనే పెడుతున్నాను. ఈ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను.

టవరు పూర్తయ్యేసరికి చలికాలం వచ్చింది. చూడటానికి నిజంగా బాగుంది. గొట్టాలు, అడ్డగొట్టాలు, పలకలు, ప్రతి అంతస్తుకూ రెయిలింగు. ఇమ్రాన్ భాయ్ మొదటిసారి ఆడాడు. బస్సులో నిలబడ్డాడు, ఎక్కాడు, నీడలో కూర్చున్నాడు, ఎక్కాడు, జెండా ముట్టుకున్నాడు. రిమోటు కింద పెట్టి, “ఏందన్నా ఇది? ఎక్కడా పడేదే లేదు. పడే భయం లేకపోతే అది ఆట ఎట్లయితాది? మా ఇంటి మెట్లెక్కినట్టుండాది” అన్నాడు. ఇమ్రాన్ భాయ్ మొదట కాదనే మనిషే గాని, ఈసారి ఆలోచించాక కూడా కాదనే అన్నాడు. నేనూ మెల్లగా అదే చెప్పాను. ఆటన్నాక ఎక్కడో ఒకచోట గుండె ఝల్లుమనాలి కదా అన్నాను.

సత్తెన్న ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో పలకకూ పలకకూ మధ్య వేలు దూరే సందు వదలని మనిషిని పట్టుకుని, సందు వదలమన్నాం. శుక్రవారం పొద్దున టీవీ ముందు కూర్చుని, ముప్పై తొమ్మిదో అంతస్తులో ఒకే ఒక పలక తీశాడు. తీసి వెంటనే మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. ఆ సందుకు ఇటు పక్క ఒక బాణం గుర్తు, దానికి ముందు ఇంకో బాణం గుర్తు, ఆ రెండిటికీ ముందు ఒక దీపం పెట్టాడు. అంతా అయ్యాక కూడా, “ఎవనన్న పడితే నన్ను అనొద్దు” అన్నాడు.

తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆటను లోకానికి ఎక్కించాలంటే కట్టినవాడు ముందుగా మొదట్నుంచి చివరిదాకా ఒకసారి తానే ఆడి గెలవాలి. అప్పటిదాకా గేమ్ ఒప్పుకోదు. ఇమ్రాన్ భాయ్ ఇదేం పీడ అన్నాడు గాని సత్తెన్న ముఖం వెలిగిపోయింది. “ఎవడు రాసిండో గాని మంచి రూలు రాసిండు. మనకాడ గూడ గంతే గదా. కట్టినోడే ముందు ఎక్కాలె. వాడు ఎక్కి దిగినంకనే మిగిలినోళ్లు.” నిజమే, సత్తెన్న గ్యాంగులో అది ఆచారం. కట్టిన ప్రతిదాని మీదా మొదట ఆయనే ఒంటరిగా చివరిదాకా నడిచి వచ్చేవాడు. ఆ తర్వాతే మనుషులు, ఆ తర్వాతే నా సంతకం.

ఆయన రిమోటు పట్టుకున్నాడు. ఎక్కాడు. ముప్పై తొమ్మిదో అంతస్తులో తాను తీసిన సందులోంచి తానే పడ్డాడు. మళ్లీ బస్సు, మళ్లీ సోనాపూర్ ట్రాఫిక్, మళ్లీ మధ్యాహ్నం నీడ, మళ్లీ అదే సందు. ఎప్పుడో ఒక ఇనప పట్టు కింద నలిగిన కుడి బొటనవేలు ఆయనకు సగమే వంగుతుంది. గెంతే మీట కుడి బొటనవేలి కిందే ఉంది. మామూలు గెంతులకు ఎలాగో సరిపోయేది గాని, ఆ సందు దగ్గర మీటను గట్టిగా నొక్కి పట్టాలి. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు, దాన్ని కళ్లారా చూసింది అక్కడే. ప్రతి శుక్రవారం పడేవాడు. సందు తగ్గించన్నా అంటే ఒప్పుకోడు. “మనం ఎక్కలేమని బిల్డింగు ఎత్తు తగ్గిస్తరా?” అనేవాడు. బస్సు నిమిషమైనా తగ్గించమంటే అదీ కుదరదన్నాడు.

ఆ రోజుల్లోనే ఆయన వీసా క్యాన్సిల్ చేసుకున్నాడు. నెలాఖరుకు ఊరికి, ఇక రావడం ఉండదు. “నా పేరు మీద ఒక్కటన్న నిలబెట్టి పోతె సాలు” అని ఇమ్రాన్ భాయ్‌తో అన్నాడట. అది విన్న దగ్గర్నుంచీ నాకు ఉండబట్టలేదు. ఒక శుక్రవారం ఆయన బట్టలుతుక్కోవడానికి వెళ్లగానే నేను రిమోటు తీసుకున్నాను. ఆ సందు నాకు ఒక లెక్క కాదు. ఒక్క గెంతులో దాటాను, జెండా ముట్టుకున్నాను, ఆయన పేరుతో ఆటను పైకి ఎక్కించాను. పుణ్యం చేశాననే అనుకున్నాను.

సత్తెన్న బకెట్టుతో తిరిగొచ్చేసరికి ఇమ్రాన్ భాయ్ ఆగలేకపోయాడు. “అన్నా, నీ ఆట లోకమంతా పోయినాది. అప్పుడే ఇద్దురు ఆడినారు.”

సత్తెన్న ముఖంలో నవ్వు వచ్చింది. ఆ నవ్వు నేను చూశాను, అందుకే తర్వాతది మర్చిపోలేను. బకెట్టు కింద పెట్టి, “ఎవరు ఎక్కిన్రు?” అన్నాడు.

నేను చెప్పాను. “నేనేనన్నా. మీకోసమే. మీ పేరే ఉంది.”

ఆయన అరవలేదు. మంచం మీద కూర్చుని తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. “నువ్వు ఎక్కినదానికి నా పేరు పెట్టినవ్. నేను ఎక్కిన అని అందరికి చెప్పినవ్.” తువ్వాలు మడిచి పక్కన పెడుతూ, “సైటుల గూడ గిట్లనే చేస్తున్నవ్ గదా?” అన్నాడు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఎత్తంటే భయమని, ఒక్కటీ ఎక్కకుండానే అన్నిటికీ సంతకాలు పెడుతున్నానని ఒప్పేసుకున్నాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఇమ్రాన్ భాయ్ మొట్టమొదటిసారి కాదనకుండా ఊరుకున్నాడు.

“తెల్సు. ముళ్లపందిని ఊకెనే పెట్టిననా?” అన్నాడు సత్తెన్న. “ముందు గా ఆటను కిందికి దించు. రేపు సంతకం పైన పెడుదువు.”

ఆటను లోకంలోంచి తీసేశాను. ఆయన పేరు మీద లేచిన ఒక్కగానొక్క కట్టడం అలా రెండు గంటలు కూడా నిలబడలేదు.

మర్నాడు పొద్దున ఆయన ముందు, నేను వెనక. మూడో నిచ్చెన దగ్గర నా కాళ్లు బిగుసుకుపోయాయి. కిందికి చూడొద్దని చెబుతాడనుకున్నాను. “కిందికి సూడు” అన్నాడు. “సూడొద్దంటరు అందరు. నువ్వు మంచిగ సూడు, భయపడు. భయపడ్డోడే బెల్టు హుక్కు సరిగ్గ తగిలిస్తడు. నాకు గూడ ఇప్పటికి భయమే.” నేను ఆ మాటకు ఆశ్చర్యపోయి, ఆ ఆశ్చర్యంలో రెండు మెట్లెక్కాను. ఆరో అంతస్తు దాకా వెళ్లేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. అక్కడ, అంచున కాలు జారకుండా, పనిముట్లు కిందపడకుండా ఆపే అడ్డపలక ఒకటి లేదు. అదే స్కాఫోల్డింగుకు మొన్ననే నేను కిందనుంచి సంతకం పెట్టాను. అది కట్టింది ఇంకో గ్యాంగు. కింద మనుషులు నడుస్తున్నారు. సత్తెన్న జేబులోంచి ఎర్ర ట్యాగు తీసి నా చేతికిచ్చాడు. నేను దిగి దాన్ని కట్టాను. ఆ పూట పని ఆగిందని ముదీర్ గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతూ నన్ను తిట్టాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఆ నెలంతా మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం లాంటిది నడిచింది. పొద్దున ఆయన నన్ను ఎక్కించేవాడు, శుక్రవారం నేను ఆయనకు గెంతడం నేర్పేవాణ్ణి. నేను బాగుపడ్డాను, ఆయన బాగుపడలేదు. బొటనవేలు బదులు చూపుడువేలు వాడమన్నాను, కుదరలేదు. రిమోటు బోర్లా పట్టుకున్నాడు, బొమ్మ బస్సు దిగనే లేదు. ఇమ్రాన్ భాయ్ అయితే ఏసీ తీగలు చుట్టే టేపు తెచ్చి ఆ వేలికి ఒక పుల్ల కట్టాడు. ఆ పుల్ల గెంతే మీట మీద కాక ఇంకో మీట మీద పడి, బొమ్మ సందు ముందు కూర్చుని గొంతుకు మఫ్లరు చుట్టుకుంది. ఆ గేమ్‌లో అలాంటి మీట ఒకటుందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

వెళ్లేరోజు శుక్రవారమే. మధ్యాహ్నం విమానం. సామాను కట్టేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చివరిసారి కూర్చున్నాడు. సందు దగ్గరికి వచ్చాడు. గెంతాడు. బొమ్మ అవతలి పలక అంచును చేత్తో పట్టుకుని ఒక్క క్షణం వేలాడింది. ఇమ్రాన్ భాయ్ నా భుజం పట్టుకున్నాడు. అప్పుడు జారింది. కింద బండివాడు హారను కొడుతున్నాడు. సత్తెన్న రిమోటు టీవీ ముందు పెట్టి, బ్యాగులోంచి ఒక ఎర్ర ట్యాగు తీసి, దాని మీద తేదీ రాసి, సంతకం పెట్టి, మెషీను తీగకు కట్టాడు.

“ఖలాస్. ఎక్కేది నేనే, ఇది తీసేది నేనే” అన్నాడు. తర్వాత నాకు మాత్రమే వినపడేలా, “విప్పకు” అన్నాడు.

ఆయన విమానం ఎక్కిన వారానికే ఇమ్రాన్ భాయ్ రిమోటు నా ఒళ్లో పెట్టాడు. “ఎక్కేయ్ బ్రదర్. జగిత్యాలలో ఆయనకేం తెలుస్తాది? పేరన్నా నిలబడతాది.” నిజంగా ఆశ పుట్టింది. ఆ పేరు నిలబడాలని ఆయన తర్వాత అంతగా కోరుకున్నది నేనే. సందు దాకా ఆడాను. అక్కడ బొమ్మను నిలబెట్టి రిమోటు కింద పెట్టేశాను. ఇమ్రాన్ భాయ్ తనకు మెషీను వద్దంటూ నాకే ఇచ్చేశాడు.

ఆ తర్వాత మూడు కంపెనీలు మారాను. ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తారు. ప్రతి స్కాఫోల్డింగూ నేనే ఎక్కి, కిందికి చూసి, భయపడి, పైనే సంతకం పెడతాను. సంతకం ఆలస్యమవుతుందని నన్ను తిట్టుకోని ముదీర్ లేడు. కొత్తగా చేరినవాళ్లు మా సార్‌కి ఇన్నేళ్లొచ్చినా ఎత్తంటే భయం పోలేదని చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

రంజాను సెలవుల్లో సత్తెన్న వీడియో కాల్ చేశాడు. జుట్టంతా తెల్లబడింది. పొలం సంగతులు, ఇమ్రాన్ భాయ్ సంగతులు అయ్యాక, “ఉన్నదా?” అన్నాడు.

“ఉందన్నా. ట్యాగు కూడా ఉంది.”

“ఎవరన్న ఎక్కిన్రా?”

“ఎవరూ ఎక్కలేదన్నా.”

ఫోనుకు దగ్గరగా కుడిచేయి పెట్టి బొటనవేలు వంచి చూపించాడు. రోజూ రబ్బరు బంతి పిసుకుతున్నాడట. వేలు మునుపటి కంటే నూలుపోగంత ఎక్కువ వంగిందేమో, అంతే. “జెర ఆగు. విజిట్ వీసా మీద వస్త, ఆ ఒక్క దుంకుడు దుంకి పోత” అన్నాడు. ఆయన వస్తాడని నాకు నమ్మకం లేదు. ఆ గెంతు నాకు రెప్పపాటు పని. ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఆ సందు దాకా వెళ్లి వెనక్కి దిగివచ్చానో నాకే లెక్క లేదు.